నాగార్జునకొండ వన్ డే ప్యాకేజీ: కొండకి ఐదు స్టార్లు, ప్యాకేజీకి ఒకటిన్నర

ఆ అర స్టార్ కూడా పులిహోరకి ఇస్తున్నా, అది మాత్రం నిజంగా బాగుంది. మిగతాదంతా చదివాక మీరే చెప్పండి.

మా అత్తమ్మది నల్గొండ. నాగార్జునసాగర్ డ్యామ్ గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, ఊళ్ళో వాళ్ళతో కలిసి ఆటోలో వెళ్ళి చూసి వచ్చిన మనిషి, కానీ రిజర్వాయర్ మధ్యలో ఉన్న కొండ మీదికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఇక్కడ వనస్థలిపురంలో మా ఇంటికి వచ్చి పది రోజులైంది, టీవీ తప్ప ఇంకేం లేదు ఆమెకి. సరే ఒక ఆదివారం తిప్పుకొద్దామని, మా కాలనీ వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న ప్యాకేజీ ఒకటి బుక్ చేశాను. పేరు చెప్పను గానీ పోస్టర్ ఎలా ఉంటుందో మీకు తెలుసు: మధ్యలో బుద్ధుడు, చుట్టూ డ్యామ్, జలపాతం, లాంచీ, కింద పసుపు రంగులో "గైడ్, టిఫిన్, లంచ్ అన్నీ కలిపి". మనిషికి 1,800.

ఉదయం ఆరున్నరకి ఎల్బీ నగర్‌లో ఎక్కించుకుంటామన్నారు. మేం ఆరింటికే వెళ్ళి మెట్రో పిల్లర్ కింద నిలబడ్డాం. బస్సు ఏడూ ముప్పావుకి వచ్చింది, ఎందుకంటే అమీర్‌పేటలో ఎవరో రెండు కుటుంబాలు ఇంకా స్నానాలు చేస్తున్నాయట. ఫోన్ చేసిన ప్రతిసారీ ప్యాకేజీ వాడు "మేడమ్, ఐదే నిమిషాలు" అన్నాడు. ఇబ్రహీంపట్నం దాటగానే టిఫిన్ కోసం ఆపారు, అక్కడ ఇంకో ముప్పావు గంట. నలభై మందికి ఒకే ఒక్క దోసె పెనం. మాల్, మల్లేపల్లి దాటి సాగర్ చేరేసరికి పన్నెండు కావస్తోంది. హైదరాబాద్ నుంచి 150 కిలోమీటర్లు, రోడ్డు బాగుంటుంది, సొంత కారు అయితే మూడు గంటల్లోపే వెళ్ళొచ్చు. దీని మీద కోపం ఎందుకో కింద చెప్తాను, ఎందుకంటే ఈ పోయిన గంటలన్నీ చివరికి ద్వీపం లెక్కలోంచే కోశారు.

డ్యామ్ గురించి ఎక్కువ చెప్పను, చూడనివాళ్ళు తక్కువ. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 26 గేట్లు, మేం వెళ్ళినప్పుడు ఒక్కటీ ఎత్తలేదు. ఫొటోలు దిగాం, వచ్చాం.

లాంచీ మాత్రం హాయి. పైన కూర్చుంటే గాలి మొహానికి కొడుతుంది, రెండు వైపులా నల్లమల కొండలు, ముప్పావు గంట పైనే ప్రయాణం. ఇక్కడే ఒక మాట. ట్యాంక్ బండ్ దగ్గర బోటెక్కి, హుస్సేన్ సాగర్ బుద్ధుడి కాళ్ళ దగ్గర సెల్ఫీ దిగి, అరగంటలో తిరిగొచ్చేసే అలవాటుతో ఇక్కడికి రాకండి. ఇది అలాంటి చోటు కాదు. మీరు దిగేది ద్వీపం అనుకుంటారు గానీ, అది నిజానికి కొండ పైభాగం. కింద లోయ ఉండేది, లోయలో విజయపురి ఉండేది. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని. విహారాలు, స్తూపాలు, గుళ్ళు, స్నానఘట్టాలు, రోమన్ బంగారు నాణేలు కూడా దొరికిన ఊరు. 1926లో శాసనాల విభాగంలో పనిచేసే ఎ.ఆర్. సరస్వతి అనే ఆయన ఈ శిథిలాల్ని మొదట గుర్తించారు. తర్వాత పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్‌స్ట్ తవ్వకాలు జరిపారు. ఆ తర్వాత డ్యామ్ ఖాయమైంది, లోయ మునిగిపోతుందని తేలింది. అప్పుడు 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో హడావుడిగా లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని రాయి రాయి విప్పి, మోసుకొచ్చి ఈ కొండ మీద మళ్ళీ పేర్చారు. అంటే మీరు చూసే స్తూపం పుట్టిన చోటు మీరు లాంచీలో దాటి వచ్చిన నీళ్ళ అడుగున ఉంది. లాంచీలో ఎవరైనా ఈ ఒక్క మాట చెప్పి ఉంటే అందరూ ఫోన్లు దించి నీళ్ళ వైపు చూసేవాళ్ళు. మా గైడ్ అప్పుడు కింది అంతస్తులో అంత్యాక్షరి ఆడిస్తున్నాడు.

దిగగానే అదే గైడ్ చప్పట్లు కొట్టి, "ఒక్క గంటే, మూడింటికి లాంచీ కదులుతుంది, లేట్ అయితే మా బాధ్యత లేదు" అన్నాడు. అని, తను దిగలేదు. లాంచీలోనే నీడలో పడుకున్నాడు. గైడ్ అని డబ్బులు తీసుకున్న మనిషి!

రేవు నుంచి పైకి నడవాలి, మా అత్తమ్మ మోకాళ్ళకి పది నిమిషాలు అక్కడే పోయాయి. నేరుగా మ్యూజియంకి వెళ్ళాం. 1966లో పెట్టిన మ్యూజియం, బౌద్ధ విహారం తరహాలో కట్టారు. మీరు వెళ్తే మొదట బొమ్మల దగ్గరికి పోకుండా లోయ నమూనా దగ్గర నిలబడండి. మునగకముందు లోయ ఎలా ఉండేదో, ఎక్కడ ఏ కట్టడం ఉండేదో మొత్తం చిన్నగా చేసి పెట్టారు. అది చూశాకే మిగతావన్నీ అర్థమవుతాయి. లేకపోతే అత్తమ్మ అన్నట్టే ఉంటుంది: "గీ రాళ్ళు చూడనీకేనా ఇంత దూరం వచ్చినం?"

రాళ్ళ సంగతికొస్తే, ఇది పల్నాటి సున్నపురాయి, తెలుపులో కొంచెం ఆకుపచ్చ కలిసినట్టు ఉంటుంది. చెక్కుడు ఎంత లోతుగా ఉంటుందంటే, ఒక్కో పలకలో పదిహేను ఇరవై మంది మనుషులు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నట్టు కనిపిస్తారు, అయినా ఒక్కరి గాజులు కూడా ఇంకొకరి గాజుల్లో కలవవు. నేను ఒక పలక దగ్గర ఐదు నిమిషాలు నిలబడిపోయాను. ఇంకో చోట స్తంభం మీద ఒక సైనికుడు ఉన్నాడు, పొడుగు కోటు, తలకి టోపీ, చేతిలో బల్లెం. మధ్య ఆసియా నుంచి వచ్చిన శకుల వేషం అది. పల్నాడు ఎండలో ఆ కోటేసుకుని రాజుగారి భవనం దగ్గర కాపలా ఎలా కాశాడో పాపం అనిపించింది. మూడు మీటర్ల దాకా ఉండే బుద్ధ విగ్రహం కూడా ఉంది, అందరూ దాని ముందే ఫొటోలు దిగుతారు, కోటువాడి దగ్గర ఎవరూ ఆగరు.

అసలు కథ ఆయక స్తంభం దగ్గర జరిగింది. స్తూపానికి నాలుగు దిక్కులా ఐదేసి స్తంభాలు నిలబెట్టేవాళ్ళు, వాటిని ఆయక స్తంభాలంటారు, వాటి మీద ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో దానశాసనాలుంటాయి. మహాచైత్యాన్ని, అంటే ఇక్కడి పెద్ద స్తూపాన్ని, బాగుచేయించి నిలబెట్టింది చాంతిసిరి అనే రాజకుటుంబం ఆమె, రాజు శాంతమూలుడి తోబుట్టువు, అంటే తర్వాతి రాజు వీరపురుషదత్తుడికి మేనత్త. ఇది నేను బయల్దేరే ముందే చదువుకుని వచ్చాను. అత్తమ్మకి అదే చెప్తూ, వీరపురుషదత్తుడు ఇంకో మేనత్త కూతుళ్ళనే పెళ్ళి చేసుకున్నాడట, అది కూడా శాసనాల్లోనే ఉందట అన్నాను. అంతే, ఆమె మోకాళ్ళ నొప్పి పోయింది. నేను చేసుకుంది ఎవర్ని? మేనత్త కొడుకునే. అంటే ఈమె నాకు అత్తగారు కాకముందే మేనత్త. స్తంభానికి దగ్గరగా వెళ్ళి, అద్దాలు పైకెత్తి, ఆ గుండ్రటి అక్షరాల్ని ఒక వరస మొత్తం వేలితో గాల్లోనే రాసుకుంటూ చూసింది. "అంటే రాజులు గూడ మన లెక్కనే చేసుకున్నరన్నట్టు. మరి కట్నం ఎంత ఇచ్చిన్రో రాయలేదా?" అంది. పక్కన నిలబడి వింటున్న వేరే బస్సావిడ పగలబడి నవ్వింది, తర్వాత ఆవిడా మాతోనే తిరిగింది, గైడ్ దొరికిందనుకుని.

అప్పటికి టైం రెండూ నలభై. బయట మహాచైత్యం, అశ్వమేధం చేసిన వేదిక, స్నానఘట్టం, సింహళ విహారం అన్నీ ఇంకా మిగిలే ఉన్నాయి. పరుగున వెళ్ళాం. మహాచైత్యం పునాది బండి చక్రంలా ఉంటుంది, మధ్యలో ఇరుసు, దాన్నుంచి ఆకులు, చుట్టూ వలయం, ఇటుకలతో. పైనుంచి చూడాల్సిన వస్తువు, మేం పక్కనుంచి చూశాం. లాంగ్‌హర్‌స్ట్‌కి ఈ చైత్యంలోనే చిన్న బంగారు భరిణె, అందులో ఎముక ముక్క దొరికాయి. అది చెప్పడం మొదలుపెట్టేలోపే లాంచీ హారన్ మోగించడం మొదలైంది. సింహళ విహారం దూరంనుంచే దండం పెట్టేశాం. కొండ చివర పాత కోట గోడలు కూడా ఉన్నాయి, వాటి వైపు తల కూడా తిప్పలేదు.

తిరిగొచ్చాక నాలుగున్నరకి లంచ్. అన్నం చల్లారిపోయింది, సాంబారులో ముక్కలు లేవు, పులిహోర అద్భుతం (ఎవరో ఇంట్లో వండి పంపినట్టున్నారు, ఎండుమిర్చి, ఇంగువ సరిగ్గా పడ్డాయి). బుద్ధవనంలో ఇరవై నిమిషాలు. 2022లో తెరిచిన 274 ఎకరాల పార్కులో ఇరవై నిమిషాలు! ఎత్తిపోతల జలపాతం చేరేసరికి చీకటి, నీళ్ళ చప్పుడు మాత్రం విన్నాం. అనుపు అసలు లిస్టులోనే లేదట. పోస్టర్ మీద ఫొటో ఉంది కదయ్యా అంటే, "అది డిజైన్ కోసం పెట్టాం మేడమ్" అన్నాడు.

అనుపు ఎందుకు వదలకూడదంటే, లోయలోంచి తీసుకొచ్చిన కట్టడాల్లో కొన్నింటిని ఆ ఒడ్డున పేర్చారు. అందులో నాలుగు వైపులా మెట్లున్న ఆరుబయటి ప్రేక్షకశాల ఉంది, మన దేశంలో అలాంటివి చాలా అరుదు. అక్కడికి పడవ అక్కర్లేదు, కారులోనే వెళ్ళిపోవచ్చు.

కాబట్టి వెళ్ళాలనుకునేవాళ్ళు ఇలా వెళ్ళండి. సొంత బండి, లేదా నలుగురు కలిసి క్యాబ్. ఇంట్లోంచి ఐదింటికి బయల్దేరితే పొద్దుటి లాంచీ అందుతుంది. లాంచీలు నీటిమట్టాన్ని బట్టి, జనాన్ని బట్టి నడుస్తాయి, అందుకే ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి. తెలంగాణ వైపు నుంచీ ఎక్కొచ్చు, అవతల ఆంధ్ర వైపు విజయపురి సౌత్ నుంచీ ఎక్కొచ్చు. శుక్రవారం మ్యూజియంకి సెలవు, ఆ రోజు వెళ్తే సగం పోయినట్టే. లాంచీ వాళ్ళని టికెట్ కొనేటప్పుడే అడగండి, వచ్చిన లాంచీలోనే తిరిగి రావాలా, తర్వాతి దాంట్లో రానిస్తారా అని. మొత్తం సంగతి ఆ ఒక్క ప్రశ్న మీదే ఉంది. రెండున్నర గంటలు దొరికితే కొండ మొత్తం నిదానంగా తిరగొచ్చు. నీళ్ళు, టోపీ, ఏదైనా తినేది పట్టుకెళ్ళండి, పెద్దవాళ్ళుంటే చేతికర్ర కూడా. ఎత్తిపోతల వేరే రోజు పెట్టుకోండి.

ప్యాకేజీ వాడికి మర్నాడు ఫోన్ చేసి అనుపు డబ్బులైనా వెనక్కివ్వమన్నాను. వచ్చే ట్రిప్పులో 10 శాతం తగ్గిస్తానన్నాడు. అత్తమ్మకి చెప్తే, "వాని బస్సు నాకొద్దు. మీ ఆయన్ని కారు తియ్యమను, సూర్యాపేట నుంచి చిన్నత్తమ్మను గూడ పిలుస్త, దానికి ఆ మేనత్తల రాత చూపియ్యాలె" అంది. గురువారం అనుకుంటున్నాం.