పార్సిల్‌లో కోడిపిల్లలు: కొన్నేళ్లు తెప్పించుకున్నాక నేను చెప్పగలిగింది

హయత్‌నగర్ దాటాక మా ఇల్లు. వెనక ఉన్న ఖాళీ జాగాలో కోళ్లు పెంచుతూ, బయటి ఊళ్ల నుంచి ఒకరోజు వయసున్న పిల్లల్ని బస్సు పార్సిల్‌లో తెప్పించుకుంటూ కొన్నేళ్లయింది. గ్రామప్రియ, వనరాజా, అసీల్, కడక్‌నాథ్ జాతులన్నీ అలా వచ్చినవే. ఫోన్‌లో ఫొటోలు చూసి ఆర్డర్ పెట్టొచ్చా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకైతే వద్దనే చెప్తాను. మార్కులేయమంటే ఐదుకు రెండు. ఆ రెండూ మంచి హ్యాచరీ (గుడ్లు పొదిగించి పిల్లల్ని తీసే చోటు) నుంచి శ్రద్ధగా పంపేవాళ్లు కొందరున్నారు కాబట్టి.

అమ్మేవాళ్లంతా ఒక మాట చెప్తారు: "మూడు రోజుల దాకా పిల్లకు మేత, నీళ్లు అక్కర్లేదు సార్." అది అబద్ధం కాదు. పెంకు పగలగొట్టుకుని వచ్చే ముందు పిల్ల మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కుంటుంది. దాంతో 72 గంటల వరకు నెట్టుకొస్తుంది. అమెరికాలో 1918 నుంచి పోస్టులో పిల్లల్ని పంపుతున్నది ఆ సొనను నమ్ముకునే. అయితే ఆ గంటలు బస్సెక్కించినప్పటి నుంచి కాదు, పిల్ల పుట్టినప్పటి నుంచి లెక్క. ఒకే రోజు పొదిగే మెషిన్‌లో పెట్టిన గుడ్లు ఒకేసారి పగలవు. 21వ రోజు ట్రే బయటికి తీసేసరికి ముందు పుట్టిన పిల్లకు అప్పటికే ఒక రోజు గడిచిపోయి ఉండొచ్చు. ఆ తర్వాత ఏరడం, లెక్కపెట్టడం, టీకా వేయడం, పెట్టెల్లో సర్దడం, సాయంత్రం బస్సు కోసం ఆగడం. బస్సు కదిలేసరికే సగం టైమ్ అయిపోతుంది. అందుకే నేను ఎవరితో మాట్లాడినా రేటు కంటే ముందు, పిల్లలు మెషిన్‌లోంచి ఏ రోజు, ఏ పూట తీశారని అడుగుతాను. సరిగ్గా చెప్పలేని వాళ్ల దగ్గర కొనను.

మన దేశంలో జంతువుల రవాణాకు 1978 నాటి నిబంధనలున్నాయి. కోళ్ల గురించిన భాగాన్ని వాటిలో 2001లో చేర్చారు. మెషిన్ నుంచి బ్రూడర్ (పిల్లల్ని బల్బు వేడితో వెచ్చగా ఉంచే చోటు) దాకా చలికాలంలో 72 గంటలు, ఎండాకాలంలో 48 గంటలే హద్దు. పెట్టెకు ఎండ, వాన తగలకూడదు, అది పక్కకు ఒరగకూడదు, దాని మీద వేరే సామాను పెట్టకూడదు. తెల్లవారుజామున ఎల్బీ నగర్‌లో ట్రావెల్స్ బస్సు డిక్కీ తెరిచినప్పుడు నేను చూసింది వేరు. పిల్లల పెట్టె మీద మామిడిపండ్ల ట్రేలు. పక్కనున్న మూట ఆనుకుని గాలి రంధ్రాలు మూసుకుపోయాయి. లోపలంతా ఇంజన్ వేడి, డీజిల్ వాసన. "లోపల పిల్లలున్నాయని నాకెవరూ చెప్పలేదన్నా" అన్నాడు డ్రైవర్. అతన్ని ఏమనాలి? ప్రాణమున్న సరుకంటే ఎక్కించుకోరేమోనని పంపినవాళ్లే చెప్పకుండా దాచారు. రసీదు మీద ఏం రాసుంటుందో, నష్టం ఎవరిని అడగాలో ఇక ఆలోచించండి.

పెట్టె కూడా ముఖ్యమే. 100 పిల్లల పెట్టెలో నాలుగు గదులు, ఒక్కోదాంట్లో 25 పిల్లలు. అలా ఉంటే ఒకదాని ఒంటి వేడి ఇంకొకదానికి అందుతుంది. మనలాంటివాళ్లం పదో ఇరవయ్యో అడిగితే ఏదో అట్టపెట్టెకు నాలుగు చిల్లులు పొడిచి పంపేస్తారు. డిసెంబర్ చలికి అవన్నీ ఒక మూలకు చేరి, కిందపడినవి ఊపిరాడక చనిపోతాయి. మేలో అదే పెట్టెలో ఉడికిపోతాయి. పద్ధతిగా ఏర్పాట్లున్న చోట కూడా ఇది జరుగుతుంది. 2025లో అమెరికాలోని డెలావేర్‌లో దాదాపు 12,000 పిల్లలున్న పోస్టల్ ట్రక్కును మూడు రోజులు అలాగే వదిలేశారు. వేల పిల్లలు చనిపోయాయి.

పెట్టెలో చనిపోయినవి కళ్లకు కనిపిస్తాయి. నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం బతికి వచ్చిన పిల్లలు. దారిలో వాడిపోయిన పిల్ల మొదటి రోజు నిలబడుతుంది, నీళ్లు కూడా తాగుతుంది. మూడో రోజుకు రెక్కలు వేలాడేసి కళ్లు మూసుకుంటుంది. బొడ్డు సరిగా మూసుకోని పిల్లకు పొట్ట ఉబ్బుతుంది. ఇంకొన్నింటికి తెల్లగా పారి వెనక అంటుకుపోతుంది. అది పుల్లోరం అయితే తల్లికోడి నుంచి గుడ్డులోనే వచ్చిన జబ్బు, మనం ఎంత శుభ్రంగా ఉంచినా ఏం లాభం? పంపినవాళ్ల గ్యారంటీ పెట్టె తెరిచిన వీడియో దాకానే. ఆ వారంలో పోయినవన్నీ మన లెక్కలోనే.

టీకాల సంగతి ఇంకో టెన్షన్. మారెక్స్ అనే కోళ్ల వైరస్ జబ్బుకు టీకా పుట్టిన రోజే హ్యాచరీలో పడాలి. "వేశాం సార్" అన్న మాటే తప్ప మన దగ్గర రుజువుండదు. వారం లోపు కంట్లో వేయాల్సిన కొక్కెర రోగం చుక్కల మందు వందల డోసుల సీసాల్లో వస్తుంది, ఐస్‌లో పెట్టి తేవాలి. ఇరవై పిల్లల కోసం ఎందుకులే అని మానేసినవాళ్ల ఇళ్లలో పాత కోళ్లు కూడా పోయాయి. కొత్త పిల్లల్ని కొన్ని వారాలు విడిగానే ఉంచండి. వాటికి జబ్బు లేకపోయినా ఒంటిమీద సాల్మొనెల్లా (మనుషులకు విరేచనాలు తెప్పించే క్రిమి) ఉండొచ్చు. ఇంట్లో ఐదేళ్ల లోపు చంటివాళ్ల చేతికివ్వకండి, ముద్దు పెట్టుకోనివ్వకండి.

జాతి విషయంలో మోసం, అడ్వాన్స్ ఫోన్‌పే చేయగానే స్విచాఫ్ అయ్యే నంబర్లు, పెట్టలని చెప్పి పంపిన పుంజులు, ఇవన్నీ నాకు ఎదురయ్యాయి. డబ్బు పోతే పోయింది, వాటి గురించి ఎక్కువ రాయను.

ఇప్పటికే ఆర్డర్ పెట్టి ఉంటే పార్సిల్ వచ్చే ముందు రోజే బ్రూడర్ వెలిగించండి. వరిపొట్టు మీద పేపర్ పరిచి, పిల్లల ఎత్తులో 35 డిగ్రీలు ఉందో లేదో థర్మామీటర్ పెట్టి చూడండి. రాగానే మేత వేయొద్దు. గోరువెచ్చటి నీళ్లలో కొంచెం బెల్లం కలిపి ఒక్కో పిల్ల ముక్కు ముంచండి. అన్నీ తాగాక మొక్కజొన్న రవ్వ చల్లండి. బల్బు కింద గుంపు కడితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి. వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రండి.

అసలు వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి పుట్టిందే మన రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో. రాజశ్రీని తయారుచేసిన వెటర్నరీ యూనివర్సిటీ కూడా అక్కడే ఉంది. ముందుగా అడిగి బుక్ చేసుకుని, చెప్పిన రోజు పొద్దున్నే మన పెట్టె పట్టుకెళ్తే చాలు, రింగ్ రోడ్డు మీదుగా ఎండెక్కకముందే ఇంటికి చేరొచ్చు. నేనిప్పుడు అలాగే తెచ్చుకుంటున్నాను. వంతు కోసం ఆగాల్సి వస్తుంది, ఆగుతాను. కారులో ఏసీ మాత్రం వేయను. బయల్దేరే ముందు బర్డ్ ఫ్లూ వార్తలు కూడా చూసుకుంటాను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో అది వచ్చినప్పుడు సరిహద్దు చెక్‌పోస్టుల్లో కోళ్ల బండ్లను వెనక్కి పంపేశారు. అలాంటి రోజుల్లో దూరం నుంచి పిల్లలు బయల్దేరితే మధ్యదారిలో ఎక్కడ ఆగిపోతాయో చెప్పలేం.