దయ్యం కథకు అద్దె కెమెరా
మిత్రులం నలుగురం తీయబోయే పది నిమిషాల దయ్యం చిత్రానికి కెమెరా, లైట్ల కోసం విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక అద్దె దుకాణానికి వెళ్లాము. కథంతా రాత్రిపూట పాత పెంకుటింట్లో జరుగుతుందని చెప్పగానే, దుకాణదారు ఖరీదైన కెమెరా అంటగట్టకుండా, తక్కువ వెలుగులోనూ తీయగల ఎఫ్ 1.8 లెన్సు, రెండు చిన్న ఎల్‌ఈడీ లైట్లు చాలునన్నారు. మన కరెంటు 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఆవృత్తులు) కాబట్టి, సెకనుకు 25 ఫ్రేములు (బొమ్మలు) తీసేటప్పుడు షట్టరు (ఒక్కో బొమ్మకు వెలుగు పడే సమయం) 1/50 సెకను దగ్గర ఉంచకపోతే ట్యూబులైటు వెలుగు తెరమీద కొట్టుకుంటుందని, తమ గోడమీది ట్యూబులైటుకే కెమెరా గురిపెట్టి చూపించారు. (ఆ మినుకుమినుకు మాకు నచ్చి, ఒక దృశ్యానికి దాన్నే ఉంచుకున్నాము.) అయితే ఇచ్చిన రెండు బ్యాటరీలలో ఒకటి ఇంటికి తెచ్చి పరీక్షించగా అరగంటకే ఖాళీ అయింది, మరునాడు మార్చి ఇచ్చారు గాని, ఆటో ఖర్చు మాత్రం మాదే. మైకుకు గాలి శబ్దం ఆపే బొచ్చు తొడుగు అడిగితే తప్ప ఇవ్వరు.