గోల్డ్ రష్: 1925దా, 1942దా, ఏది చూడాలి?

మంచుకొండల్లోకి బంగారం వేటకెళ్లిన చార్లీ కథతో చాప్లిన్ తీసి, తానే నటించిన హాస్యచిత్రం ‘గోల్డ్ రష్’ కోసం వెతికితే రెండు రకాలు కనిపిస్తున్నాయి, ఏది చూడమంటారని చాలామంది అడుగుతున్నారు. మొదటిది 1925 నాటి మూకీ. 1942లో చాప్లినే దాన్ని కొంత కత్తిరించి, టైటిల్ కార్డులు తీసేసి, సంగీతమూ తన గొంతుతో వ్యాఖ్యానమూ చేర్చి మళ్లీ విడుదల చేశాడు. అది రెండోది.

బూటు ఉడకబెట్టుకుని తినడం, ఆకలి మీదున్న తోటి బంగారం వేటగాడు బిగ్ జిమ్‌కి చార్లీ కోడిలా కనిపించడం, కొండ అంచున ఊగే గుడిసె రెండింట్లోనూ ఉన్నాయి. వందేళ్లయినా ఆ నవ్వు పాతబడలేదు.

1942 సినిమా గంటా పావులోపే అయిపోతుంది, సంగీతం చాలా బాగుంటుంది. చాప్లిన్‌కి నచ్చింది కూడా అదే. కానీ తెరమీద కళ్లారా చూస్తున్నదాన్నే పక్కన ఒకరు చెబుతూ ఉంటే నాకు అడ్డుగా అనిపిస్తుంది.

నా దృష్టిలో అసలు తేడా, చార్లీ మనసుపడ్డ డాన్స్ హాల్ అమ్మాయి జార్జియా రాసిన ఉత్తరం. 1925లో ఆమె క్షమించమని, ప్రేమిస్తున్నానని రాసింది చార్లీకి కాదు, ఆమె వెంట తిరిగే జాక్‌కి. వాడు దాన్ని వేళాకోళంగా చార్లీకి చేరవేస్తాడు. అది తనకే అనుకుని చార్లీ పొంగిపోతుంటే మనకి గుండె పిండేసినట్టుంటుంది. చివర్లో ఓడమీద, బంగారం దొరికి చార్లీ కోటీశ్వరుడయ్యాడని తెలియక, టికెట్ లేకుండా ఎక్కాడనుకుని ఆమె ఛార్జీ తానిస్తానంటుంది. అంతకుముందు అతన్ని ప్రేమించని మనిషి కాబట్టే ఆ మంచితనానికి అంత విలువ. 1942లో ఉత్తరం నేరుగా చార్లీకే రాసినట్టు మార్చేశారు. దాంతో జార్జియా ముందే మెత్తబడిపోయింది, ఓడ సీన్ బలం తగ్గింది. చివరి ముద్దు కూడా తీసేశారు.

అందుకే నా ఓటు 1925కే.

ఒక్క జాగ్రత్త: మూకీకి మసకబారిన ప్రింట్లు చాలా తిరుగుతున్నాయి. 2025లో కాన్ చలనచిత్రోత్సవంలో వేసిన 4కె (చాలా స్పష్టమైన డిజిటల్) ప్రింట్ లాంటి పునరుద్ధరించిన కాపీ దొరికితేనే చూడండి. అది దొరక్కపోతేనో, ఇంట్లో చిన్నపిల్లలతో కూర్చుంటేనో 1942దే పెట్టుకోండి.