బెంగళూరులో మధ్యాహ్నం: ఆంధ్రా మీల్సా, దర్శినా?

ఉద్యోగానికి బెంగళూరు వచ్చిన మనవాళ్ల కాళ్లు ముందు ఆంధ్రా హోటల్ వైపే లాగుతాయి. రెసిడెన్సీ రోడ్డులోని నాగార్జున లాంటి చోట అరిటాకు వేసి పొడి, నెయ్యి, పప్పు, పచ్చడి వడ్డిస్తారు. ఇంటి మీద బెంగ పట్టుకున్న రోజు ఆ భోజనానికి సాటి లేదు. కాకపోతే దర్శినితో, అంటే ఇక్కడి సెల్ఫ్ సర్వీస్ టిఫిన్ హోటల్‌తో, పోలిస్తే ఖర్చెక్కువ, టైమూ ఎక్కువే. పైగా తిన్నాక ఆఫీసులో కళ్లు మూతలు పడతాయి.

దర్శిని పద్ధతి వేరు. కౌంటర్లో ముందే డబ్బు కట్టాలి, ప్లేటు మనమే తెచ్చుకోవాలి, చాలాచోట్ల నిలబడే తినాలి. పది నిమిషాల్లో బయటపడొచ్చు. ఖారాబాత్ (కారం ఉప్మా), కేసరిబాత్ (రవ్వ కేసరి) ఒకే ప్లేటులో పెట్టిచ్చే చౌచౌబాత్ తప్పక తినండి. సాంబారులో బెల్లం తీపి మనకు మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది. నాకిప్పుడు ఆ తీపి లేకపోతే ఇడ్లీ దిగదు. ఈ రుచులు పట్టుబడ్డాక మల్లేశ్వరంలోని సీటీఆర్ హోటల్లో బెణ్ణె (వెన్న) మసాలా దోసె, బసవనగుడిలో 1943 నుంచి నడుస్తున్న విద్యార్థి భవన్‌లో మసాలా దోసె కూడా చూడండి. సెలవు రోజుల్లో అక్కడ క్యూ తప్పదు, పొద్దున్నే వెళ్లడం మేలు.

పని రోజులకు నా ఓటు దర్శినికే. రోజూ మన పప్పన్నమే వెతుక్కుంటే రాగిముద్ద, బస్సారు (పప్పు, ఆకుకూర ఉడికించిన నీళ్లతో కాచే చారు), అక్కిరొట్టె (బియ్యప్పిండి రొట్టె) రుచి తెలియకుండానే ఏళ్లు గడిచిపోతాయి, అది నిజంగా నష్టం. ఆంధ్రా మీల్స్‌ను ఆదివారం మధ్యాహ్నం, తొందర లేకుండా స్నేహితులతో కలిసి తినండి.