అతుకు చూసి కొనండి: నాలుగు రకాల బిల్డింగ్ సెట్లు, ఆరేళ్ల వాడకం

పెట్టె మీద బొమ్మ చూసి కొన్న సెట్టు ఆ బొమ్మ కట్టేదాకానే ఆడిస్తుంది. ఆరేళ్ల తర్వాత కూడా రోజూ నేల మీదికి వచ్చేవి ముక్కకూ ముక్కకూ అతుకు సరిగ్గా కుదిరినవే. చెక్క దిమ్మెలు బరువుతో నిలుస్తాయి, ప్లాస్టిక్ ఇటుకలు బిగువుతో, మాగ్నెటిక్ టైల్స్ (అంచుల్లో అయస్కాంతాలున్న ప్లాస్టిక్ పలకలు) ఆకర్షణతో, ఇనప పట్టీలు నట్టూబోల్టుతో. ఒక్కో అతుకు ఒక్కో సంగతి నేర్పుతుంది, ఒక్కో రకంగా చెడుతుంది కూడా.

చెక్క దిమ్మెలు ముందు. రెండేళ్ల పిల్లలకు ఇవి చాలు. మందం, వెడల్పు, పొడవు 1:2:4 నిష్పత్తిలో ఉన్న సెట్టు వెతకండి. పరీక్ష తేలికే. రెండు దిమ్మెలు పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పెట్టి, పక్కనే మూడోదాన్ని అంచు మీద నిలపండి. పైన వేలు జరిపితే మెట్టు తగలకూడదు. మెట్టు ఉంటే వంతెన మీద వేసిన దిమ్మె ఊగుతుంది, ఏడెనిమిది వరసలకు గోపురం ఒరిగిపోతుంది. పిల్లవాడేమో తన చెయ్యి వణికిందనుకుంటాడు. ఒక్కరికి 60 దిమ్మెలు సరిపోతాయి, 100 ఉంటే వెసులుబాటు. తోరణాలూ స్తంభాలూ ఎక్కువున్న సెట్టు కంటే మామూలు దిమ్మెలు సగానికి పైగా ఉన్నదే మేలు. రంగు వేయనివి తీసుకుంటే పెచ్చులూడే బెడద ఉండదు. నీళ్లలో నానబెట్టకండి. చెక్క ఉబ్బితే ఆ 1:2:4 లెక్క తప్పుతుంది.

ఎక్కువ కాలం ఆడించేవి ప్లాస్టిక్ ఇటుకలు. లెగో ఇటుకకు ఇప్పుడున్న రూపంలో పేటెంటు దరఖాస్తు చేసింది 1958లో. ఇటుక పైన గుండ్రంగా పొడుచుకొచ్చిన బొడిపెల్లో ఒకదాని నడిమి నుంచి పక్కదాని నడిమికి దూరం 8 మిల్లీమీటర్లు, బొడిపె వదిలేస్తే ఇటుక ఎత్తు 9.6. పలుచటి ప్లేటు 3.2, అంటే మూడు ప్లేట్లు పేరిస్తే ఒక ఇటుక ఎత్తు. భిన్నాలు చెప్పాలంటే ఇంతకంటే మంచి సాధనం దొరకదు. లెగో వాళ్లే చిన్నపిల్లల కోసం చేసే డూప్లో ఇటుక ప్రతి కొలతలోనూ దీనికి రెట్టింపు. రెండు వరసల బొడిపెలున్న మామూలు ఇటుకలు దాని మీద కూర్చుంటాయి కాబట్టి చిన్నప్పటి సెట్టు పెద్దయ్యాక కూడా పునాదిగా పనికొస్తుంది.

చవక సెట్లతో గొడవంతా బిగువు దగ్గరే. పది ఇటుకలు పేర్చి పై ఇటుక పట్టుకుని ఎత్తండి. మధ్యలో ఊడితే వదులు. రెండు ఇటుకలు విడదీయడానికి పళ్లు కావాల్సి వస్తే మరీ బిగువు. రెండు బ్రాండ్లు కలిపి వాడాలనుకుంటే ఒక్కోదానివి పదేసి విడివిడిగా పేర్చి పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క ఇటుకలో కంటికి ఆనని తేడా పది వరసలకు బయటపడుతుంది. ఆ తేడాతోనే కప్పు కూర్చోదు.

ఎన్ని కొనాలి? 16×16 బొడిపెల పలక అంచు వెంట 2×4 ఇటుకలతో గోడ కడితే వరసకు 14 ఇటుకలు పడతాయి. ఆరు వరసలకు 84, గోడ ఎత్తు 6 సెంటీమీటర్లు కూడా రాదు. తలుపూ కిటికీలూ కొంత మిగిల్చినా, కప్పుకు మళ్లీ కావాలి. అందుకే పెట్టె మీద '500 ముక్కలు' అని ఉంటే అందులో 2×2, 2×3, 2×4 ఇటుకలు ఎన్ని ఉన్నాయో చూడాలి. ఒక్క బొడిపె ముక్కలూ అలంకారాలూ కూడా ఆ లెక్కలోవే. ఇంకోటి: గోడలో పై అతుకు కింది అతుకు మీదే పడితే గోడ నిలువునా చీలుతుంది. ఇది ముందే చెప్పేయకండి. రెండుసార్లు చీలాక పిల్లలే ఇటుకను సగం జరిపి పెడతారు.

మాగ్నెటిక్ టైల్స్‌లో అతుకు తలుపు బందులా మడుస్తుంది. నేల మీద ఒక చదరం, నాలుగు వైపులా నాలుగు సమబాహు త్రిభుజాలు పరిచి, కొసలు కలిపి ఎత్తితే టక్కున పిరమిడ్ నిలబడుతుంది. నాలుగేళ్ల పిల్లల ముఖం అప్పుడు చూడాలి! అయితే 30 ముక్కల పెట్టెలతో నిరాశే. పొడవూ వెడల్పూ రెండేసి టైల్స్ ఉన్న ఇంటికి గోడలకు 8 చదరాలు, కప్పుకు 4. రెండో అంతస్తుతో 24. చిన్న పెట్టెలో సగం త్రిభుజాలే కాబట్టి మొదటి అంతస్తు దగ్గరే ఆట ఆగిపోతుంది. 60 ముక్కలు, అందులో సగానికి పైగా చదరాలు చూసుకోండి.

వీటి విషయంలో ఒక్కటి మాత్రం రాజీ లేదు. నెలకోసారి ప్రతి టైల్ అంచునూ గోటితో నొక్కి చూడండి. అతుకు విచ్చినా, మూల చిట్లినా అంటించి వాడకండి, పారేయండి. లోపలి అయస్కాంతాలు రెండు కడుపులోకి వెళ్తే పేగు గోడల్ని మధ్యన పట్టి అతుక్కుని చిల్లు చేస్తాయి. మింగారన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో అసలు చిన్న ముక్కలే అందకూడదు. భద్రతా పరీక్షల్లో వాడే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా ఇమిడిపోయేది ఆ వయసుకు పనికిరాదు.

నట్టూబోల్టు సెట్లు ఎనిమిదేళ్లు నిండాకే. అంతకుముందు నట్టు పట్టుకోవడానికే వేళ్లు సరిపోవు, ఆట కాస్తా శిక్షవుతుంది. పట్టీల అంచులు గరుకుగా ఉంటే సన్నటి ఆకురాయితో రుద్దండి. నాలుగు పట్టీలు, నాలుగు బోల్టులతో చతురస్రం కట్టిస్తే పక్కకు వాలిపోతుంది. ఒక పట్టీ ఐమూలగా వేస్తే కదలదు. వంతెనల్లో త్రిభుజాలెందుకో చెప్పనక్కర్లేదిక. కదలాల్సిన కీలుకు రెండు నట్లు ఒకదానికొకటి ఎదురు బిగించాలి. ఒక్క నట్టే పెడితే బిగుసుకుపోతుంది, లేదంటే పది తిప్పులకే ఊడిపోతుంది.

సర్దడం గురించి ఒక మాట. చాలామంది రంగుల వారీగా పెడతారు, చూడ్డానికి బావుంటుంది. కానీ ఎర్రటి కుప్పలో ఎర్రటి చిన్న ప్లేటు కంటికి ఆనదు. ఆకారాల వారీగా పెడితే రంగు దానంతటదే కనిపిస్తుంది. ఆడేటప్పుడు కింద దుప్పటి పరిచి, అయ్యాక నాలుగు కొసలూ కలిపి డబ్బాలో వంచేయండి. ప్లాస్టిక్ ఇటుకలు 40 డిగ్రీలు మించని సబ్బునీళ్లలో చేత్తో కడిగి, బొడిపెలు పైకి ఉండేలా నీడన ఆరబెట్టండి, లోపలి నీళ్లు కారిపోతాయి. టైల్స్ మాత్రం ముంచకండి. తడిగుడ్డతో తుడిస్తే చాలు, లోపలికి నీరు దిగితే అయస్కాంతం తుప్పు పట్టొచ్చు.