ఒకే ఫోన్లో ఉద్యోగమూ మధ్యాహ్నమూ: వర్క్ ప్రొఫైల్ వాడిన అనుభవం

ఫోన్ ఏ కంపెనీదో, కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళో ఇక్కడ రాయడం లేదు. పదహారు వేల రేంజిలో దొరికే మామూలు ఆండ్రాయిడ్ ఫోన్. ఆ రేటుకి వచ్చేవన్నీ ఇంచుమించు ఒకేలా పనిచేస్తాయి. నేను చెప్పదలచుకున్నది అందులోని ఒకే ఒక్క బటన్ గురించి. వర్క్ ప్రొఫైల్, అంటే ఆఫీసు యాప్‌లని సొంత యాప్‌ల నుంచి విడిగా ఉంచే భాగం, పెట్టిన ఫోన్లోనే అది కనిపిస్తుంది. స్క్రీన్ పైనుంచి కిందికి లాగితే వైఫై, టార్చి వగైరాల పక్కన చిన్న బ్రీఫ్‌కేసు బొమ్మతో 'వర్క్ యాప్స్' అని ఒకటి ఉంటుంది. అది నొక్కితే ఆఫీసు యాప్‌లన్నీ బూడిద రంగులోకి మారి పడుకుంటాయి. మళ్ళీ నొక్కితే లేస్తాయి. రెండేళ్ళ పైనుంచి వాడుతున్నాను. ఈ ఫోన్లో నాకు ఇంత మేలు చేసింది ఇంకోటి లేదు.

నేను మెడికల్ రెప్‌ని, రాజమండ్రి హెడ్‌క్వార్టరు. డాక్టర్లు ఓపీ చూసే వేళే మా డ్యూటీ వేళ. పొద్దున పదింటి నుంచి ఒంటిగంటన్నర దాకా ఒక విడత, సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఇంకో విడత. దానవాయిపేటలో ఆఖరి పేషెంటు వెళ్ళాకే మమ్మల్ని లోపలికి పిలిచే డాక్టర్లున్నారు, ఆ రోజు పదిన్నరవుతుంది. ఆదివారం సెలవే గానీ నెలాఖరు క్లోజింగ్, అంటే అమ్మకాల లెక్క ముగించే పని, వచ్చిందంటే అది కూడా స్టాకిస్టులతో, అదే మందుల హోల్‌సేల్ వాళ్ళతో, మాట్లాడ్డంతోనే సరిపోతుంది. అంచేత రోజూ మధ్యాహ్నం దొరికే ఆ నాలుగ్గంటలే మాకు సొంతం.

పాత ఫోన్లో ఆ నాలుగ్గంటలూ నావి కాకుండా పోయాయి. ఆఫీసుకీ ఇంటికీ ఒకటే వాట్సాప్. భోంచేసి నడుం వాల్చేసరికి గ్రూపులో ఏఎస్ఎం (ఏరియా సేల్స్ మేనేజర్) గారి మెసేజ్: 'ఈరోజు ఆర్‌సీపీఏ ఎవరెవరు చేశారు? ఎవరూ మాట్లాడరే?' ఆర్‌సీపీఏ అంటే ఏ డాక్టరు ఏ మందు రాస్తున్నారో మందుల షాపుల్లో కనుక్కోవడం. ఆ వెంటనే ఒకరి తర్వాత ఒకరు 'డన్ సార్', 'ష్యూర్ సార్' అని పెట్టుకుంటూ పోతారు. అందరూ పెట్టాక మన పేరొక్కటీ లేకపోతే బాగుండదని మనమూ పెట్టాలి. చూస్తే నీలం టిక్కులు పడతాయి, చూడకపోతే ఏం వచ్చిందోనని మనసు అక్కడే ఉంటుంది. కొందరు దీనికే రెండు ఫోన్లు పెట్టుకుంటారు. నాకు కుదరలేదు. బండి మీద తిరిగే పని, బ్యాగులో శాంపిళ్ళు, డాక్టర్లకి మందుల గురించి చూపించే విజువల్ ఎయిడ్, వానాకాలం రెయిన్‌కోటు. రెండో ఫోనుకి ఛార్జింగ్ చూసుకునే ఓపిక నాకు లేదు.

మా కంపెనీ రిపోర్టింగ్ యాప్ మార్చినప్పుడు అందరి ఫోన్లలోనూ వర్క్ ప్రొఫైల్ పెట్టించింది. మొదట టీములో అందరం బెంబేలెత్తాం, ఆఫీసువాళ్ళు మన ఫోన్లలోకి దూరుతున్నారని. వాడుతుండగా తెలిసింది, దూరకుండా అడ్డుపడేది కూడా ఇదేనని. సొంత ఫోన్ మీద పెట్టిన వర్క్ ప్రొఫైల్‌లో ఐటీ వాళ్ళ పెత్తనం ఆ భాగం వరకే. ఫోన్ ఏ మోడల్, ఆండ్రాయిడ్ ఏ వెర్షన్, స్క్రీన్ లాక్ ఉందా లేదా, ఇలాంటివి వాళ్ళకి తెలుస్తాయి. లాక్ పెట్టుకోమని పట్టుబట్టగలరు. నా ఫొటోలు, నా ఎస్సెమ్మెస్‌లు, ఇటు పక్క నేను వేసుకున్న యాప్‌లు వాళ్ళకి కనపడవు. యాప్‌ల లిస్టు తీస్తే పర్సనల్, వర్క్ అని రెండు ట్యాబులు. వర్క్ వైపు ప్రతి యాప్ మీదా ఆ బ్రీఫ్‌కేసు గుర్తు. ఇదంతా 2014లో ఆండ్రాయిడ్ 5.0తోనే వచ్చింది. మొత్తాన్ని ఒక్క నొక్కుతో ఆపే సౌకర్యం 2016లో 7.0తో చేరింది. అంటే ఎప్పటినుంచో ఉన్నదే, మాకెవరూ చెప్పలేదు.

ఆపితే అది నోటిఫికేషన్లు రాకుండా చేయడంతో సరిపెట్టదు. ఆ యాప్‌లు అసలు నడవవు. వెనకాల డేటా తినవు, లొకేషన్ చదవవు. నాకు అన్నిటికంటే విలువైనది ఈ చివరిది. మా రిపోర్టింగ్ యాప్‌కి లొకేషన్ ఇవ్వక తప్పదు, ఇవ్వకపోతే డీసీఆర్, అంటే రోజువారీ రిపోర్టు, పడదు. పని వేళలో నేను ఏ క్లినిక్ దగ్గరున్నానో వాళ్ళకి తెలియడం మీద నాకు పేచీ లేదు. మధ్యాహ్నం ఇంట్లో ఉన్నానా, గుడికెళ్ళానా, అత్తగారింటికెళ్ళానా అన్నది వాళ్ళకి అక్కర్లేని సంగతి. రెప్‌ల మీద జీపీఎస్ నిఘా వద్దని మా సంఘాలు, వాటి దేశవ్యాప్త సమాఖ్య ఎఫ్ఎంఆర్ఏఐ వాళ్ళు ఎన్నాళ్ళుగానో అడుగుతూనే ఉన్నారు. మా ఉద్యోగాల కోసమే పార్లమెంటు 1976లో సేల్స్ ప్రమోషన్ ఎంప్లాయీస్ చట్టం చేసింది. అపాయింట్‌మెంట్ లెటరు, సెలవులు మాకు హక్కుగా వచ్చింది దానితోనే. ఆ కాలం చట్టంలో ఫోన్ ఊసు ఉండే వీల్లేదు. ఫ్రాన్సులో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి, పని వేళ దాటాక ఆఫీసు మెసేజ్‌లకి దూరంగా ఉండే హక్కు ఏదో ఒక రూపంలో చట్టంలోకి ఎక్కింది. ఇక్కడ నాకు దొరికిన ఆసరా ఈ బటనే.

ఆపేశాక నేను చేసేది చదువుకోవడం. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు కొల్లలుగా ఉన్నాయి, చాలావరకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద చేసినవి. వాటిని ఫోన్లో చదవడం తేలికేం కాదు. అక్షరాలు చిన్నవి, ఫోన్ అడ్డంగా తిప్పి పేజీని రెండు మూడు ముక్కలుగా జరుపుకుంటూ చదవాలి. అవతలి పేజీ సిరా ఇవతలికి ఊరి ఉంటుంది, గ్రంథాలయం ముద్ర సరిగ్గా పద్యం మీదే పడి ఉంటుంది. అలాంటి పేజీ మీద కళ్ళు కుదురుకోవడానికే కాస్త టైము పడుతుంది. కుదురుకున్నాక పైనుంచి ఒక్క ఆఫీసు మెసేజ్ దిగిందంటే వాక్యం మళ్ళీ మొదటినుంచి చదవాల్సిందే. ఇప్పుడు గంట, గంటన్నర ఏకబిగిన చదువుతున్నాను. ఇంటర్ దాటాక తెలుగు పుస్తకంతో ఇంతసేపు కూర్చున్నది ఇప్పుడే. కళ్ళు లాగితే ఫోన్ పక్కనపెట్టి న్యూస్ఆన్ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి పెట్టుకుంటాను.

ఇంత మెచ్చుకున్నాక ఒక మార్చి నెలలో జరిగిన సంగతి కూడా చెప్పాలి.

ఇయర్ ఎండింగ్ క్లోజింగ్ వారం. తణుకులో స్టాకిస్టు షాపులో కూర్చున్నాను. సెకండరీ సేల్స్, అంటే స్టాకిస్టు నుంచి షాపులకి వెళ్ళిన అమ్మకాల, లెక్క తేలాలంటే వాళ్ళ స్టాక్ స్టేట్‌మెంట్ కావాలి. క్లర్కు కాగితం కౌంటర్ మీద పరిచాడు, వర్క్ వైపు కెమెరాతో ఫొటో తీశాను. పంపుదామని వెనక్కొస్తే వర్క్ ట్యాబే లేదు. పర్సనల్ ఒక్కటే ఉంది. పైకి చూస్తే ఒక నోటిఫికేషన్, వర్క్ ప్రొఫైల్ తొలగించారు, ఇక ఈ ఫోన్లో ఉండదని. ఫోన్ ఆపి ఆన్ చేశాను, అదే మాట. బ్రీఫ్‌కేసు బటన్ కూడా మాయమైంది.

ఏఎస్ఎం గారికి ఫోన్ చేశాను.

"సార్, నా ఫోన్లో వర్క్ మొత్తం పోయిందండీ."

"నీ ఒక్కడిదే కాదు బాబూ, జోన్ మొత్తం పోయింది. హెడ్డాఫీసులో సాఫ్ట్‌వేర్ మారుస్తున్నారంట. మెయిల్ పెట్టామంటున్నారు."

ఆ మెయిల్ ముందురోజు రాత్రి పదకొండు దాటాక పంపారని తర్వాత తెలిసింది. ఏడాదిలో రెప్‌కి ఊపిరాడని వారం అది. జోన్‌లో ఎవరి ఫోన్లో ఏముందో దాచుకోమని ఒక్కరోజు ముందు చెప్పినా చాలేది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

డీసీఆర్‌లు, టూర్ ప్రోగ్రాం సర్వర్లో ఉంటాయి కనక కొత్త యాప్‌లోకి తిరిగొచ్చాయి. వర్క్ వాట్సాప్ రాలేదు. కంపెనీ ఇచ్చిన ఖాతాకి డ్రైవ్ సదుపాయం లేదు, అందువల్ల బ్యాకప్ బయటికి ఎక్కడికీ వెళ్ళలేదు. ఫోన్లోనే ఉన్న కాపీ ప్రొఫైల్‌తోపాటే తుడిచిపెట్టుకుపోయింది. స్టాకిస్టులు పంపిన బిల్లులు, కెమిస్టుల ఆర్డర్లు, అన్నీ. వాటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది నోట్సు యాప్. ఏ డాక్టరు గారు గురువారం రావులపాలెం క్లినిక్‌కి వెళ్తారు, మండపేటలో ఎవర్ని కలవాలంటే ముందు కాంపౌండరుతో మాట్లాడాలి, నిడదవోలులో ఏ సందులో బండి పెట్టుకోవచ్చు, ఎవరు మా సిరప్ గురించి ఏం ఫిర్యాదు చేశారు. చినుకు చినుకుగా పోగేసుకున్న సమాచారం. దాని కాపీ ఏ సర్వర్లోనూ లేదు, ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఆ రోజు నన్ను ఒడ్డెక్కించింది స్టాకిస్టు క్లర్కే. నా మొహం చూసి, "కంగారు పడకండి సార్, మా సిస్టంలో అన్నీ ఉన్నాయి. టీ తాగుతూ ఉండండి, ప్రింటు తీసిస్తా" అన్నాడు. పాత నెలలవి కూడా వెతికి తీశాడు. ఆ కాగితాల కట్టతోనే క్లోజింగ్ పూర్తిచేశాను. డాక్టర్ల నోట్సు మాత్రం ఒక్కో క్లినిక్‌లో మళ్ళీ అడిగి తెలుసుకుంటూ రాసుకోవాల్సి వచ్చింది.

ఆ రాత్రి ఇంటికొచ్చి పర్సనల్ వైపు చూస్తే ఒక్క ఫొటో కదల్లేదు. మా పాప అన్నప్రాసన వీడియోలు ఉన్నాయి. చదువుతున్న పుస్తకం ఆపిన పేజీలోనే తెరుచుకుంది. ఇదివరకు ఫోన్లో ఆఫీసు మెయిల్ పెట్టుకోవాలంటే చాలాచోట్ల ఫోన్ మొత్తం చెరిపేసే అనుమతి రాసివ్వాల్సి వచ్చేది. ఆ లెక్కన అదే రోజు అంతా పోయుండేది. మధ్య గోడ గట్టిదే. కానీ అవతలి గది కంపెనీది, తాళం వాళ్ళ చేతిలో ఉంది. అప్పటినుంచి నా నోట్సు జేబు డైరీలో, పెన్నుతో. బిల్లుల ప్రింట్లు ఇంట్లో ఫైలులో.

మొదట్లో కనపడని చిరాకులు కొన్ని వాడగా వాడగా బయటపడ్డాయి. ఆపింది యాప్‌లని గానీ సిమ్‌ని కాదు. మామూలు కాల్ ఎప్పుడైనా వస్తుంది. పైగా వర్క్ వైపు దాచిన కాంటాక్టుల పేర్లు ఆపి ఉన్నప్పుడు నా ఫోన్లో కనపడవు, ఉత్త నంబరే కనిపిస్తుంది. ఏదో లోన్ కంపెనీ కాలనుకుని వదిలేస్తే అటువైపు మంచి కెమిస్టు ఉండొచ్చు. ముఖ్యమైన నంబర్లు రెండు వైపులా సేవ్ చేసుకున్నాక ఈ ఇబ్బంది తగ్గింది. తిరిగి ఆన్ చేస్తే మెసేజ్‌లన్నీ ఒక్కసారిగా వచ్చిపడతాయి. 6 జీబీ ర్యామ్ ఫోన్ కాసేపు మొరాయిస్తుంది. డాక్టరు గారు లోపలికి రమ్మన్నాక ఆన్ చేద్దామంటే కుదరదు, ఫోన్లో విజువల్ ఎయిడ్ తెరుచుకునేలోపు ఆయన తర్వాతి రెప్‌ని పిలుస్తారు. అందుకే ఐదున్నరకి ఇంట్లోనే ఆన్ చేసి బయల్దేరతాను. ఇక ఆఫీసు వైపు నుంచి ఒక్క అక్షరం కాపీ చేసి ఇటు అతికించలేం, మా ఐటీ వాళ్ళు ఆపేశారు. అడ్రసు కావాలన్నా చూసి టైపు చేయాల్సిందే.

ఇంకోటి. ఆపినప్పుడు మనకొచ్చే వాట్సాప్‌కి అవతలివాళ్ళకి ఒక్క టిక్కే కనపడుతుంది. కొన్నాళ్ళకి ఏఎస్ఎం గారు కనిపెట్టి, నాతో కలిసి డాక్టర్ల దగ్గరికి జాయింట్ వర్క్‌కి వచ్చినప్పుడు అడిగారు.

"మధ్యాహ్నం నీకు ఒక టిక్కే పడుతోందేంటి?"

"ఆ టైములో వర్క్ ఆపేస్తానండీ. అర్జెంటయితే కాల్ చేయండి, ఎత్తుతాను."

ఆయన కాసేపు ఆలోచించి, "సరే, ఐదున్నరకల్లా చూసుకో" అన్నారు. ఇప్పటికి నిజంగా అర్జెంటైతేనే కాల్ చేస్తున్నారు. నా ఆనందంలో సగం ఈ మనిషి వల్ల వచ్చింది. పక్క టీములో ఒకతను ఇలాగే ఆపితే వాళ్ళ మేనేజరు రోజూ రెండింటికి సిమ్‌కే ఫోన్ చేసేవాడు. అతను విసిగి ఆపడం మానేశాడు. అలాంటి మేనేజరు కింద నేనుంటే ఈ రివ్యూ ఇలా రాసేవాడిని కాదేమో.

కాబట్టి నా మాట అందరికీ వర్తించదు. ఫోన్ నాది, రీచార్జి అలవెన్సు మాత్రం కంపెనీది. ఫోనే కంపెనీదై, మొత్తం వాళ్ళ అదుపులో ఉంటే ఇదంతా వేరే కథ, అక్కడ పర్సనల్ వైపు అంటూ ఉండకపోవచ్చు. ఆఫీసంటూ లేని సొంత వ్యాపారస్తులు ఎఫ్-డ్రాయిడ్ అనే ఉచిత యాప్‌ల స్టోరులో దొరికే షెల్టర్ యాప్‌తో తమంతట తామే వర్క్ ప్రొఫైల్ పెట్టుకోవచ్చు, ఆపే తాళం కూడా వాళ్ళ దగ్గరే ఉంటుంది. కంపెనీ ప్రొఫైల్ ఉన్న ఫోన్లో అది కుదరదు, ఒకటే పడుతుంది. రెండు వాట్సాప్‌లు చాలనుకునేవాళ్ళకి ఈ తంతే అక్కర్లేదు, 2023 అక్టోబరు నుంచి వాట్సాప్‌లోనే రెండు ఖాతాలకి వీలుంది. కాకపోతే అందులో ఒకే నొక్కుతో అన్నీ ఆపేసే సుఖం లేదు, లొకేషన్ గొడవా తీరదు.

వచ్చే దసరాకి ఫోన్ మారుస్తాను, ఈసారి 8 జీబీ ర్యామ్‌ది. ప్రొఫైల్ మళ్ళీ పెట్టుకుంటాను. డైరీ మాత్రం జేబులోంచి తీయను.