శ్రీశైలాన్ని మక్కాతో పోల్చిన రష్యా వర్తకుడు: ఒక పునర్ముద్రణపై సమీక్ష

పదిహేనవ శతాబ్దంలో భారతదేశానికి వచ్చిన నలుగురు యాత్రికుల రచనలను 1857లో పాత యాత్రా రచనలను అచ్చువేసే లండన్ సంస్థ హక్లూట్ సొసైటీ ఇంగ్లీషులో ప్రచురించింది. ఆ సంపుటి పునర్ముద్రణను తిరుపతిలోని ఒక పుస్తకాల షాపు ద్వారా 650 రూపాయలకు తెప్పించుకున్నాను. నా గురి అందులోని అఫనాసీ నికితిన్ యాత్ర మీదే. ఈయన రష్యాలోని త్వేర్ పట్టణపు వర్తకుడు.

మధ్యయుగ రష్యన్లు ఇస్లాంను ఎలా చూశారని అడిగితే చాలామంది 986 నాటి కథే చెబుతారు. వోల్గా నది తీరాన ఉండే ముస్లింలు, వోల్గా బల్గారులు, తమ మతంలోకి రమ్మని పిలిస్తే, కీవ్ రాజు వ్లదిమీర్ స్వర్గసుఖాల మాట ఇష్టంగా విని, సుంతీ, మద్యనిషేధం దగ్గర వెనక్కి తగ్గాడట. అది ఎంతో కాలం తరువాత మఠాల్లో రాసుకున్న కథ. అందులో ముస్లిం అంటే వాదంలో ఓడించడానికి నిలబెట్టిన బొమ్మే.

నికితిన్ అలా కాదు, వాళ్ల మధ్య బతికినవాడు. పర్షియా సింధుశాఖలోని హోర్ముజ్ రేవు నుంచి తెచ్చిన గుర్రాన్ని, ఇప్పటి మహారాష్ట్రలోని జున్నరు పాలకుడు అసద్ ఖాన్ లాక్కొని, మతం మారితే గుర్రంతో పాటు వెయ్యి బంగారు నాణేలిస్తానని, మారకపోతే గుర్రం పోగా అంత సొమ్మూ వసూలు చేస్తానని బెదిరించాడు. అడ్డుపడి గుర్రాన్ని ఇప్పించిన ఖోజా మహమ్మద్ కూడా ముస్లిమే. తనను మోసగించిన ముస్లిం వర్తకులను కుక్కలని తిట్టిన ఈ మనిషే, నిజమైన విశ్వాసమేదో దేవుడికే తెలుసునని రాసి, తన రచన చివర ప్రార్థనను అరబ్బీలో చేశాడు. ఈ రెండూ ఒకే కలం నుంచి రావడమే, నా దృష్టిలో, ఈ రచన విలువ.

మనవాళ్లకు దగ్గరైన ఘట్టం, నికితిన్ 'పర్వతం' అని పిలిచిన శ్రీశైలం. అక్కడ ఆడా మగా, ముసలీ పిల్లా అందరూ గుండు చేయించుకోవడం ఆయనకు వింత; కొండకు తలనీలాలిచ్చే ఊళ్లో చదివేవాళ్లకు ఆ వింతే వింత. హిందువులకు అది యెరూషలేం వంటిదని, ముస్లింల లెక్కలో మక్కా అని చెబుతాడు. తెలియని కొండను కొలవడానికి తన పుణ్యక్షేత్రం పక్కనే ముస్లింలదీ వాడుకున్నాడు.

ముద్రణ మాత్రం నాసిరకం. అంచులు కోసేయడంతో అధోసూచికల చివరి వరుసలు పోయాయి. పర్వతం పేజీ కుట్టులోకి జారి సగం కనబడదు. మార్చి ఇమ్మంటే షాపువాళ్లు ఒప్పుకోలేదు. కొనేవాళ్లు ముందు ఆ పేజీ తెరిచి చూసుకున్నాకే డబ్బు కట్టండి.